వీధివైపు తిప్పిన జోళ్ళు

పాత ఊరు సఫ్రన్‌బోలు చూపిద్దామని బుర్సా నుంచి తీసుకొచ్చిన మా మేనత్త ముజెయ్యెన్, చీకటి పడుతూనే కనిపించకుండా పోయింది. రాళ్ళ వీధి మలుపులో నేను ఫోటో తీసుకుని వెనక్కి తిరిగేసరికి లేదు.

అసలే గుండె జబ్బు మనిషి. "అత్తా!" అని పిలుస్తూ సందులన్నీ తిరిగాను. నా అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఒక పాత ఇంటి గుమ్మం బయట గోధుమరంగు జోళ్ళు కనిపించాయి. అత్తవి అచ్చం అలాంటివే. మొనలు వీధివైపు తిప్పి, పొందిగ్గా పక్కపక్కన పెట్టారు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, లోపల అలికిడి లేదు. మాలో మనిషి పోతేనే వాళ్ళ జోళ్ళు అలా బయట పెడతారు, పేదవాళ్ళెవరైనా తీసుకుపోతారని.

తలుపు బాదాను. తీసింది అత్తే!

"ఏంటే ఆ బాదుడు? కొంపలంటుకున్నాయా?"

వాటేసుకుని ఏడ్చేశాను. ఆమె జోళ్ళు ఆమె కాళ్ళకే ఉన్నాయి, బయల్దేరబోతూ వేసుకుందట. బయటి జత ఇంకెవరిదో. అంత ఊరట నేను జన్మలో ఎరగను.

"ఆయాసమొచ్చి మెట్టు మీద కూర్చుంటే ఈ ఇంటావిడ లోపలికి పిలిచి టీ ఇచ్చింది. ఎంత మంచిదో!"

"చెప్పి వెళ్ళొచ్చుగా! పోయావనుకున్నా."

"నోర్ముయ్. నేను పోతే నీకు బక్లావా ఎవరు చేసిపెడతారు?"

నవ్వుకుంటూ చేతులు పట్టుకుని నడిచాం.

"మరి ఆవిడ గుమ్మం దాకా రాలేదేం?"

"సాగనంపడానికే లేచింది, పాపం. జోళ్ళు కనపడలేదట. పొద్దుటి నుంచీ ఇల్లంతా వెతుక్కుంటోంది."