ఒక్క సీసా

"ఇంకేదైనా మందు రాయండి డాక్టరమ్మా! మీ కాళ్లు పట్టుకుంటా!"

అతను నిజంగానే వంగబోయాడు. డాక్టరు భుజాలు పట్టి ఆపింది. మందుల కంపెనీలో పంపు ఆపరేటర్ అతను. ఫోన్ రాగానే డ్యూటీ మధ్యలోంచి కంపెనీ చొక్కాతోనే పరిగెత్తుకొచ్చాడు. అద్దం తలుపు వెనక మంచం మీద కూతురు పెనంలా కాలిపోతోంది. భార్య దాని నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది, తీస్తోంది, మళ్లీ వేస్తోంది.

"రాయడానికి ఇంకేం మిగల్లేదయ్యా. అన్నీ వాడేశాం. ఈ క్రిమి దేనికీ లొంగడం లేదు."

"నా బిడ్డ పుట్టినప్పట్నుంచీ పట్టుమని నాలుగు మాత్రలు మింగి ఉండదు! దానికి మందు పనిచేయకపోవడమేంటి?"

"మొండికేసింది పాప ఒళ్లు కాదు, క్రిమి. పారేసిన మందులన్నీ నీళ్లలోనే కలుస్తున్నాయి. వాటిలో పుట్టి పెరిగిన క్రిములకి మందంటే భయమెక్కడిది?" డాక్టరు గొంతు తగ్గించింది. "ఒక్క ఇంజెక్షన్ ఉంది, కొత్తది. ఊరంతా ఫోన్లు చేశాను, ఎక్కడా లేదు. ఒక్క సీసా దొరికినా ఈ పూట గండం గట్టెక్కిస్తాను."

చీటీ మీద పేరు చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఇది మా కంపెనీ మందేనమ్మా! గోడౌన్ నిండా ఉంది!"

భార్యకైనా చెప్పకుండా పరుగు తీశాడు.

గోడౌన్‌లో అరలన్నీ బోసిగా ఉన్నాయి. స్టోర్ చూసే ఆవిడ నేల ఊడ్పిస్తోంది.

"అక్కా, ఈ మందు పెట్టెలేవి?"

"ఇంకెక్కడివి తమ్ముడూ! లేబుల్ మీద తేదీ తప్పు పడింది. సరుకంతా పారేయమన్నారు."

"లోపలి మందు బాగానే ఉందిగా?"

"బంగారంలా ఉంది. మళ్లీ లేబుళ్లు అంటించడం కన్నా పారేయడమే తేలికన్నారు పెద్దలు."

"నా కూతురు చావుబతుకుల్లో ఉందక్కా! ఎక్కడ పారేశారో చెప్పు. చెత్తకుప్పైనా సరే, చేతుల్తో తవ్వి ఒక్క సీసా తెచ్చుకుంటా!"

ఆవిడ ముఖం పాలిపోయింది. చూపు పక్కకి తిప్పేసుకుంది.

"చెప్పక్కా, నీకు దణ్ణం పెడతా!"

"సీసాలన్నీ విప్పించి ట్యాంకులో పోయించారు తమ్ముడూ... పొద్దున నువ్వు పంపు వేసి ఏట్లోకి వదిలింది అదే."