చొక్కా అంచు

రెండువేల తొమ్మిది. అరకు సంత పక్కన పళ్ళ డాక్టర్ల క్యాంపు. వరుసలో నిలబడ్డ సుక్రుకు తల కొట్టేసినట్టుంది.

వెనకాల భార్య ఈశ్వరమ్మ. చంటిపిల్లలా అతని చొక్కా అంచు పట్టుకుని వదలడం లేదు. సంతలో తప్పిపోతుందేమోనని అతనూ విడిపించుకోలేదు.

"ఏటి మావా, మళ్ళీనా? డాక్టరమ్మని మనువాడేత్తావేటి?" అన్నాడు ముందున్న సోంబరు. వరసకు అల్లుడు. నలుగురూ నవ్వారు. ఈశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నోటి కంపుకు సిగ్గుపడుతోంది పాపం, అనుకున్నాడు సుక్రు.

మొగుడూ పెళ్ళాలిద్దరికీ అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. చిగుళ్ళు ఎప్పుడో పుండ్లయ్యాయి. అందుకు సుక్రుకు సిగ్గులేదు, కొండమీద చాలామందికి అంతే.

సిగ్గల్లా ఈశ్వరమ్మ మతి గురించి. అంబలి పొయ్యడం మరిచిపోతుంది. అడిగితే, ఇందాకే తాగావు కదా అని దబాయిస్తుంది. అగ్గిపెట్టె ఎక్కడో పెట్టేసి, ఎక్కడ పెట్టానో గుర్తులేదంటుంది. ఊళ్ళో తెలిస్తే దెయ్యం పట్టిందంటారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. చిగుళ్ళ వంక పెట్టి తీసుకొచ్చాడు.

డాక్టర్ సరళ ఇద్దరినీ బల్లమీద కూర్చోబెట్టింది. ఈశ్వరమ్మ వైపు చూసి, "మతిమరుపేమైనా పెరిగిందా?" అని అడిగింది.

పెళ్ళాం నోరు తెరవకముందే సుక్రు అందుకున్నాడు.

"నేదమ్మా. మా ఇంటిదానికి అన్నీ గురుతే."

అబద్ధం. తల ఎత్తలేకపోయాడు. ఈశ్వరమ్మ కొంగు కళ్ళదాకా వెళ్ళింది.

చిగుళ్ళు చెడినవాళ్ళ రక్తంలో, మతిమరుపు జబ్బుతో సంబంధమున్న ప్రోటీన్ల జాడ ఉంటుందేమోనని పెద్ద డాక్టర్లు వెతుకుతున్నారట. ఇంకా తేలలేదట. అందుకే ఇక్కడా కొందరి రక్తం తీసి పంపుతున్నామని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది.

సూదంటే ఈశ్వరమ్మ బెదురుతుంది. ఏమీ కాదని చూపించడానికి సుక్రే ముందు చొక్కా చేయి పైకి మడిచాడు. మోచేతి మడతలో నీలంగా కమిలి ఉంది. కాఫీ తోటలో ఏ పురుగు కుట్టిందో.

డాక్టరమ్మ ఆ మచ్చను మెల్లగా తడిమి, ఈశ్వరమ్మతో, "పోయిన శుక్రవారం సూది గుచ్చింది ఇక్కడే కదమ్మా, అప్పుడూ మీ ఆయన 'మా ఇంటిదానికి అన్నీ గుర్తే' అనే అన్నాడు" అంది.