అరికాలి దెబ్బలు

ఫోన్‌లో వీడియో చూస్తున్న శైలజ తెరను కళ్లకు దగ్గరగా లాక్కుంది.

పనికి పెట్టుకున్న చిన్నతల్లి, ఊయల్లో ఉన్న బాబు కాలు పట్టుకుని అరికాలి మీద కొట్టింది.

ఒకటి కాదు, టపటపా కొట్టింది. బాబు కెవ్వుమన్నాడు.

ఏడో నెలలోనే పుట్టిన బిడ్డ. పన్నెండు వందల గ్రాములు. శ్రీకాకుళం ఆస్పత్రిలో యాభై రోజులు అద్దాలపెట్టెలో ఉండి, పది రోజుల కిందటే రాజాం ఇంటికి వచ్చాడు. రెండు గంటలకోసారి ముక్కులో గొట్టంతో పాలు. రాత్రంతా శైలజ కాపలా. పగలు కాసేపు కన్ను మూద్దామని చిన్నతల్లిని కుదుర్చుకుంది. యాభై ఏళ్ల మనిషి. ఏ ఊరో, ఎవరో అడగలేదు. ఎవరో చెబితే వచ్చింది.

నాలుగు రోజులుగా బాబు అరికాళ్లు కందిపోయి కనిపిస్తున్నాయి. అనుమానమొచ్చి, ఈ మధ్యాహ్నం అలమారలో ఫోన్ కెమెరా ఆన్ చేసి పెట్టి పక్క గదిలో పడుకుంది. లేచి చూసుకుంటే ఇదీ సంగతి.

మిగతాది చూసే ఓపిక లేకపోయింది. చిన్నతల్లిని జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది.

"ఎందుకు కొట్టినావే నా బిడ్డని?"

"కొట్టనేదమ్మా! గుంటడు మర్సిపోతన్నాడమ్మా..."

"ఏటే మర్సిపోయేది? రెణ్ణెల్ల పిల్లోడికి పాఠాలు సెప్తన్నావా?"

"కాదమ్మా. పెద్దాస్పత్రిలో ఒకపాలి సూపించండని మొన్న సెప్పినాను. అశుభం మాటలాడొద్దని కసిరీసినారు..."

చెంప ఛెళ్లుమంది. మాట అక్కడే ఆగిపోయింది.

చిన్నతల్లి ఏడవలేదు. చెంప పట్టుకుని, తలుపులోంచి కనిపిస్తున్న ఊయల వైపే చూసింది.

"నన్ను పొమ్మంటే పోతాను. గుంటడు పడుకుంటే మాత్రం ఒక్కణ్ణి ఒగ్గీకండమ్మా."

"పోతూ పోతూ శాపాలు పెడతన్నావా!"

తలుపు దభాలున పడింది.

సాయంత్రం భర్త హరిబాబు సర్దిచెప్పబోయాడు. "పంపించీసినావు కదా, ఇంక పోనీలే."

"పోనీనా? నా బిడ్డ అరికాలు సూడు! అది ఈ ఊళ్లో మెతుకు తినకూడదు."

అన్నంత పనీ చేసింది. వీడియోలో కొట్టిన ముక్క మాత్రం కత్తిరించి వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. తెల్లారేసరికి రాజాంలో సగం మంది చూశారు. చిన్నతల్లి అంట్లు తోమే రెండిళ్లకూ శైలజ తనే వెళ్లి చూపించింది. వాళ్లు మాన్పించేశారు. అద్దెకున్న గది ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. బజార్లో ఎవరో మొహాన ఉమ్మేశారు కూడానట.

ఆ మాట విన్న పూట, చాలా రోజుల తర్వాత శైలజకు అన్నం సహించింది.

మూడో రోజు హరిబాబు కబురు మోసుకొచ్చాడు.

"మూట కట్టుకుని ఎల్లిపోనాదట. ఎక్కడికో ఎవులికీ తెలీదు. ఫోన్ కూడా పనిసెయ్యట్లేదు. ఇకనైనా ఒగ్గీయే."

"ఎల్లిపోతే ఒగ్గేస్తానా? జైల్లో కూకోబెడతాను."

పోలీస్‌స్టేషన్ మెట్లెక్కింది. బిడ్డకు దెబ్బ తగిలినట్టు డాక్టరు కాగితం తెస్తే కేసు రాస్తామన్నారు.

ఎల్లుండి శ్రీకాకుళం వెళ్లి తెద్దామనుకుంది. అంతవరకూ ఆగే పని పడలేదు.

మర్నాడు మధ్యాహ్నం బాబును ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఎంత హాయిగా నిద్రపోతున్నాడో అనుకుంది. పాలవేళకి లేపబోతే పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

అరిచింది. ఎత్తుకుని చెప్పుల్లేకుండా వీధిలో పరుగెత్తింది. రెండు సందుల అవతల ఉన్న డాక్టరు ఊపిరి అందించి, శ్రీకాకుళం అంబులెన్సు ఎక్కించాడు.

బాబు మళ్లీ అద్దాలపెట్టెలోకి వెళ్లాడు. ఇప్పుడు వాడి బదులు మిషన్ ఊపిరి తీస్తోంది.

"బతుకుతాడా సార్?" అడిగాడు హరిబాబు.

"రెండు రోజులు గడవాలి," అన్నాడు పిల్లల డాక్టరు. "ఎంతసేపు ఊపిరి లేకుండా ఉన్నాడో మీకే తెలీదంటున్నారు."

శైలజ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కన్నీళ్ల వెనక కసి అలాగే ఉంది. ఫోన్ తీసి డాక్టరు ముందు పెట్టింది.

"దాని దెబ్బలకే సార్ నా బిడ్డ ఇలాగైపోనాడు! సూసి కాగితం రాసివ్వండి. అది ఏ కలుగులో దాక్కున్నా బయటికి లాగుతాను."

డాక్టరు ఆ చిన్న ముక్క చూశాడు.

"మొత్తం వీడియో ఉందా?"

"ఉంది సార్. రెండు గంటలు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముందుకు జరుపుతూ, ఒక్కోచోట ఆపి, వెనక్కి తిప్పి చూశాడు. బాబు పడుకుని ఉన్న చోట బొమ్మను పెద్దది చేసి, ఛాతీ మీద కళ్లు పెట్టాడు. ఒక వేలు మడిచాడు. ఇంకాసేపటికి మరో వేలు.

లెక్కపెడుతున్నాడు. శైలజకు ధైర్యం వచ్చింది.

"సూసినారా సార్, ఎలాగ బాదినాదో!"

డాక్టరు తలెత్తాడు. "ఈవిడ ఇప్పుడెక్కడుందమ్మా?"

"తెలీదు సార్. బతుకు లేకండా సేసినాను, ఊరొదిలీసి పోనాది. మీరు కాగితం రాయండి. ఎన్నిసార్లు?"

"నాలుగుసార్లు."

"రాయండి సార్, నాలుగుసార్లు కొట్టినాదని రాయండి!"

డాక్టరు కాగితం తియ్యలేదు. ఫోన్ మెల్లగా ఆమె చేతిలో పెట్టాడు.

"నిద్రలో నాలుగుసార్లు మీ బాబు ఊపిరి ఆగిపోయిందమ్మా, నాలుగుసార్లూ అరికాలు తట్టి ఈవిడే బతికించింది."