కొలత కడ్డీ

ముసలాయన కడ్డీ కొసని నోట్లో పెట్టుకునేసరికి షాపాయన వెతుకుతున్న సొరుగు వదిలేసి వచ్చాడు.

చెరుకుగడలా పళ్ళతో కరిచి పట్టి, రెండో కొసని వేలితో వంచి వదిలాడు. కడ్డీ జివ్వున ఊగింది. గడ్డం మీదుగా చొంగ కారింది. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"ఛీ, ఏం చేస్తున్నావయ్యా? అది అమ్మే సరుకు."

ముసలాయన పలకలేదు. దాన్ని దించి పక్కనున్న పాత కడ్డీ అందుకున్నాడు. అదీ నోట్లోకే పోయింది.

అది గోల్ఫ్ స్టిక్కులకి తలలూ కడ్డీలూ బిగించే షాపు. అద్దాల బల్ల మీద వేలిముద్ర పడినా షాపాయన ఓర్వడు. సరుకు ముట్టుకోవాలంటే తెల్ల తొడుగులు వేసుకోవాల్సిందే. ముసలాయన తన చేతికర్ర అడుగుకి రబ్బరు బిళ్ళ కావాలని వచ్చాడు. అది వెతికేలోగా ఈ నిర్వాకం.

బల్ల అవతల షాపాయన మేనకోడలు నిలబడి ఉంది. మర్నాడే ఆ పిల్లకి జట్టు ఎంపిక. మూడేళ్ళుగా కాచుకున్న రోజు. తీరా ఇప్పుడు స్టిక్కు తల పగిలింది. కొత్త తలకి పాత కడ్డీ పట్టదు. పాతది ఎంత ఒంగేదో సరిగ్గా అంతే ఒంగే కొత్తది కావాలి.

షాపాయన అప్పటికే రెండింటినీ ఊపులు లెక్కపెట్టే మిషన్లో బిగించి చూశాడు. బిర్రు ఎక్కువైతే ఊపులూ ఎక్కువే. నిమిషానికి రెండొందల నలభై ఊపులు. రెండూ అంతే.

"ఇవి ఒకటి కావమ్మా," అన్నాడు ముసలాయన, మూతి తుడుచుకుని. "కొత్తది బిర్రు. రేపు బంతి కుడికి పోతుంది."

"మిషను ఒకటే అంటోంది కదా తాతా. రెండింటి మీదా ఒంపు గుర్తు 'ఆర్' అనే ఉంది."

ఆయన ఆ పిల్ల నోటి వంకే చూశాడు.

"అక్షరానిదేముంది, ఏ కంపెనీ అక్షరం దానిది. మిషను పట్టు వదులైంది. కొత్తది సన్నం కదా, అందులో జారుతోంది. అందుకే తక్కువ చూపిస్తోంది."

"నా మిషను పట్టు సరేగానీ, ముందు నీ పళ్ళ సంగతి చూసుకో," అన్నాడు షాపాయన. "ముందు పళ్ళు రెంటి మధ్య వేలు దూరిపోతోంది."

"మామయ్యా, ఒకసారి విప్పి చూడరాదూ?"

"సరుకంతా ఎంగిలి చేసినవాడి మాట విని మిషను విప్పనా? నువ్వు ఇవతలికి రా తల్లీ, తుంపర మీద పడుతుంది."

వీధికుక్కని అదిలించినట్టు అదిలించాడు. ముసలాయన రబ్బరు బిళ్ళ లేకుండానే వెళ్ళిపోయాడు. కర్ర గచ్చు మీద టకటకమంటూ గుమ్మం దాటింది.

షాపాయన కడ్డీని స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచి, గుడ్డ చెత్తబుట్టలో పారేశాడు. తొడుగులూ పారేశాడు. కొత్త కడ్డీయే బిగించి ఇచ్చాడు.

మర్నాడు సాయంత్రం మేనకోడలు వచ్చింది. ఆ స్టిక్కుని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకని తోకపట్టి తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద పడేసింది.

"పద్నాలుగు కొట్టాను మామయ్యా. పన్నెండు కుడికే పోయాయి. పేరు లేదు."

అటునుంచి అటే వెళ్ళిపోయింది.

మూడోరోజు షాపాయన పిలిపిస్తే మిషను కంపెనీ మెకానిక్ వచ్చాడు. పట్టులో రబ్బరు అరిగి నున్నబడింది. అది మార్చి, మఖమల్ పెట్టెలోంచి ఒక నల్ల కడ్డీ తీసి బిగించి అంకె సరిచేశాడు. తర్వాత మేనకోడలి స్టిక్కు తల ఊడదీసి ఆ కొత్త కడ్డీ పెడితే రెండొందల యాభై ఆరు చూపించింది.

షాపాయన అంకె మీద అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. ఆ నల్ల కడ్డీ వంక తిరిగి, "ఇదేంటి?" అన్నాడు.

"కొలత కడ్డీ సార్. మా మిషన్లన్నీ దీన్నిబట్టే చెబుతాయి. దీనికి అంకె కట్టింది మాత్రం మిషను కాదు, మా పాత పనివాడు. చెవుడు మనిషి, మన పెదాలు చూసి మాట పట్టేవాడు. మిషన్లొచ్చాక పంపేశారు. ఇప్పుడు ఎంత వెతికినా దొరకట్లేదు."

"ఒకసారి ఇలా ఇవ్వు."

"తొడుగులు వేసుకోండి సార్. ముట్టుకుంటే మాసిపోతుంది."

షాపాయన కొత్త తొడుగులు వేసుకుని, రెండు చేతులతో అందుకుని వెలుతురులోకి తిప్పాడు. కడ్డీ కొసన, నల్లటి మెరుగులో, రెండు పంటి గాట్లు ఉన్నాయి, మధ్యలో వేలు దూరేంత సందుతో.