గట్టి తాళం

"ఫోన్ చేసింది మీరేనా?" సంచీ కింద పెడుతూ అడిగింది తాళాలామె.

"నేనే అక్కా. తొందరగా తీయండి."

గొళ్ళేనికి వేలాడుతున్న తాళాన్ని చేతిలోకి తీసుకోగానే తాళాలామె మొహం మారిపోయింది. అది తన కొట్లోదే. నిన్న ఒకాయన వచ్చి, దొంగల భయమని చెప్పి, అన్నిటికంటే గట్టిది ఏరి మరీ కొనుక్కుపోయాడు. దీన్ని తీసే మొనగాడు ఇంకా పుట్టలేదని ఆమె కూడా గొప్పలు పోయింది.

ఆమెను పిలిచేవాళ్ళలో సగం మంది 'తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని' రకమే. తాళంచెవి ఎక్కడో పారేసుకుని, ఇంట్లోవాళ్ళని తిట్టుకుంటూ నిలబడతారు. ఇది అలా లేదు.

"చెవి ఏమైంది?"

"ఆయన దగ్గరుంది. సాయంత్రానికి గానీ రాడు."

"అందాకా ఆగలేరా?"

"ఇవాళే నా టైలరింగ్ కొట్టు తెరవాలి. మొదటి రోజు. కుట్టిన బట్టలన్నీ ఇక్కడే ఉండిపోయాయి. ఇచ్చినవాళ్ళు వచ్చి, మూసిన షట్టరు చూసి వెళ్ళిపోతే మళ్ళీ వస్తారా?" ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి ఆపేసినట్టుంది.

ఎదురింటి మెట్ల మీద ఒక పెద్దాయన పేపరు చదువుకుంటున్నాడు.

"బాబాయ్‌గారూ, ఇల్లు ఈవిడదేనా?" అడిగింది తాళాలామె.

"ఆ అమ్మాయిదే. తాళం వేసింది వాళ్ళాయన. పొద్దున్నే వేసి, నాకు నమస్కారం కూడా పెట్టి వెళ్ళాడు. మర్యాదస్తుడు." పెద్దాయన పేపరు మడిచాడు. "మొగుడూ పెళ్ళాల మధ్య నువ్వెందుకమ్మా తలదూరుస్తావ్? కాస్త ఓపిక పడితే ఆయనే వచ్చి తీస్తాడు."

తాళాలామె చెయ్యి ఆగిపోయింది. రేపు ఆ మర్యాదస్తుడు కొట్టు మీదికి గొడవకొస్తాడు. తను అమ్మిన తాళాన్ని తనే తీసిపారేసిందని తెలిస్తే ఇక ఆమె దగ్గర ఎవరు కొంటారు? ఆ కొట్టే ఇంటిల్లిపాదికీ ఆధారం. నిజంగానే భయమేసింది.

"అక్కా, మీరు కొట్టు పెట్టినప్పుడు మిమ్మల్నెవరూ అడ్డుకోలేదా?"

"ఎందుకడ్డుకోలేదు? మా నాన్న పోయాక ఆయన కొట్లో నేను కూర్చుంటానంటే, ఆడదానికి తాళాల పనేంటని మా అన్నయ్య షట్టరుకి తాళం వేసేశాడు."

"మరేం చేశారు?"

"తీశాను. నేను సొంతంగా తీసిన మొదటి తాళం అదే."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇక ఆలోచించడానికేం మిగల్లేదు. ఆమె పెద్దాయన వైపు తిరిగింది.

"బాబాయ్‌గారూ, ఈ తాళం అమ్మింది నేనే. తీయాల్సిందీ నేనే."

గుమ్మం ముందు చతికిలబడి, సన్నటి ఇనుప పుల్లలు రెండు తాళంలోకి దూర్చింది. ఎంతకీ లొంగలేదు. వీధిలో నలుగురూ పోగయ్యారు. "ఇలాంటిదే మాకూ అంటగట్టావుగా!" అని ఎవరో నవ్వారు. తాళాలామెకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. చెయ్యి మాత్రం ఆపలేదు. తన చెవి పక్కనే ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

చివరికి తాళం టక్కుమంది. తాళాలామె గొళ్ళెం లాగి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

"రండి," అంది.

తలుపు తెరుచుకుని, ఆవిడ లోపలి నుంచి బయటికి వచ్చింది.