వందకు వంద

"మేక పోయిందని నువ్వంటున్నవ్ అవ్వా. అసలు మీ ఊర్ల దొంగతనాలే లేవని మీ ఊరోళ్లే చెప్తున్నరు. నేనెవల మాట నమ్మాలె?" అన్నాడు ఎస్సై.

భద్రమ్మ తెచ్చిన తాడుముక్కను బల్ల మీద పెట్టింది. పొద్దున లేచి చూసేసరికి గుంజకు మిగిలింది అదే. దొంగ తాడు విప్పే ఓపిక కూడా లేక కత్తితో కోసుకుపోయాడు.

"ఎవలు చెప్పిండ్రు సార్ గా మాట?" ఆమెకు తోడొచ్చిన పక్కింటి కిషోర్ ముందుకు జరిగాడు. "మొన్న పిచ్చయ్య మోటారు పోయింది. అంతకుముందు యశోదమ్మ కోళ్లు పోయినయ్. మమ్మల్ని ఎవలడిగిండ్రు?"

"ఫోన్ సర్వే తమ్మీ. నెలనెలా ఊరూరికి ఫోన్ చేసి అడుగుతరు. మీ ఊరు వందకు వంద. దొంగతనాలు లేవు, పని లేనోడు లేడు."

"డిగ్రీ చదివి పామాయిల్ గెలలు కోస్తున్న సార్ నేను. నాకు పనున్నట్టా?"

"కోస్తున్నవ్ కద. మరి పనే కద అది."

కిషోర్‌కు ఒళ్లు మండింది. "అన్నీ దొంగ లెక్కలు సార్! గా ఫోనొస్తే మా ఊర్ల ఎవడు వింటడు? తోటల పని ఇడిచిపెట్టి వింటరా? అందరం కట్ చేస్తం. నేనొక్కసారి పంతానికి ఆఖరిదాకా విని, దొంగతనాలున్నయని నొక్కిన. గప్పట్నుంచి నాకు ఫోన్ చేసుడే బంద్ పెట్టిండ్రు. పిచ్చయ్యకు గూడ గంతే. ఉన్నయని నొక్కినోనికి మళ్లీ ఫోన్ రాదు."

"అందుకే అంటున్న. విన్నోళ్లల్ల వందకు వంద" అని నవ్వాడు ఎస్సై.

భద్రమ్మ కొంగు సర్దుకుని తల వంచుకుంది. ఈ లెక్కల గొడవ ఆమెకెందుకు? ఆమెకు మేక కావాలి.

ఎస్సై మరీ చెడ్డవాడేం కాదు. తాడుముక్కను కాసేపు చూసి, గొంతు తగ్గించాడు. "ఉన్నమాట చెప్త విను అవ్వా. ఉట్టిగ కేసు రాస్తే, సర్వేల లేని దొంగతనం నీ ఠాణాల ఎట్ల పుట్టిందని నన్నే తిడతరు. ఈ నెల ఫోన్లు ఇయ్యాల్నే వస్తున్నయ్. మీ ఊరి నుంచి ఒక్కలు, ఒక్కలంటే ఒక్కలు, దొంగతనాలున్నయని నొక్కితే చాలు. పైనుంచి నాకు ఫోనొస్తది. రేపు సంతల నేనే నిలబడి ఒక్కో మేకను చూస్త. ఒట్టు."

రేపే సంత. సంత దాటిందంటే మేక ఎవరి కూరలో ఉడుకుతుందో ఆ భద్రాద్రి రాముడికే తెలియాలి.

బండి మీద తిరిగి వస్తుంటే కిషోర్ అడిగాడు. "నీకు ఫోనొస్తదా పెద్దమ్మా?"

"నాకెవలు చేస్తరు బిడ్డా" అంది భద్రమ్మ.

"వస్తే మట్టుకు రెండు నొక్కు. మర్వకు. అందరికీ చెప్త, ఎవలికొస్తే వాళ్లు నొక్కుడే" అని ఆమెను దింపి, గెలల ట్రాక్టర్ వచ్చే వేళయిందని హడావుడిగా తోటకు పోయాడు.

భద్రమ్మది ఊరి చివరి ఇల్లు. దాని తర్వాత పామాయిల్ తోటలు, తోటల తర్వాత అడవి. బొగ్గుబాయిలో పనిచేసే మొగుడు పోయాక ఆ ఇంట్లో మాట్లాడడానికి మిగిలింది మేక ఒక్కటే. "ఏమే, ఆకలైతుందా?" అంటే "మే" అనేది. "ఎండ మండుతున్నది కదనే" అన్నా "మే" అనేది. జవాబు ఒక్కటే అయినా, జవాబంటూ ఒకటి ఉండేది.

అన్నం వార్చి అలవాటు కొద్దీ గంజి గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. ఖాళీ గుంజ కనిపించాక అక్కడే కూలబడింది. ఏడుద్దామంటే, ఎందుకేడుస్తున్నవ్ అని అడిగే దిక్కు కూడా లేదు. ఒంటరితనం ఇంత బరువుగా ఉంటుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

పొద్దు వాలుతుండగా ఒళ్లోని ఫోన్ మోగింది.

"నమస్కారమండీ. బాగున్నారా?" ఆడపిల్ల గొంతు. తేనె పూసినట్టు ఉంది. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. మీ గ్రామంలో దొంగతనాలు లేకపోతే ఒకటి నొక్కండి. ఉంటే రెండు నొక్కండి."

అది మిషన్ మాట్లాడే మాటని భద్రమ్మకు తెలుసు. అయినా బదులు చెప్పకుండా ఉండలేకపోయింది. "ఉన్నయ్ బిడ్డా. నా మేకనే ఎత్తుకపోయిండ్రు. పొద్దుగాల నుంచి నోట్ల మెతుకు పెట్టలే."

ఆ గొంతు కాసేపు ఆగింది. తర్వాత విసుక్కోకుండా, అంతే నెమ్మదిగా, మళ్లీ మొదటి నుంచి అడిగింది.

భద్రమ్మ వేలు రెండు మీదికి పోయింది. రేపు సంతలో ఎస్సై నిలబడతాడు. మేక దొరికినా దొరకవచ్చు. వేలు ఆనిస్తే చాలు. కానీ కిషోర్ ఠాణాలో అన్న మాట చెవిలో మెదిలింది. ఉన్నయని నొక్కినోనికి మళ్లీ ఫోన్ రాదు.

"మేక ఎట్లాగూ పోయింది, నువ్వన్నా వచ్చే నెల రావాలె కద బిడ్డా" అంటూ, నెలనెలా నొక్కినట్టే భద్రమ్మ ఒకటి నొక్కింది.