గోడ మీద బురద కాళ్ళు

కుక్క తరిమిన ప్రతిసారీ తోక ఈకలు పోగొట్టుకునే చుక్కమ్మ అనే కోడిపెట్ట, ఎలాగైనా పెరటి గోడెక్కి తీరాలని రోజూ పొద్దున్నే ఎగరడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు ఆకాశంలో గద్ద కనిపించింది. రెక్కైనా ఆడించకుండా చక్కర్లు కొడుతోంది. చుక్కమ్మకు సిగ్గేసింది. వెళ్ళి గంప చాటున ముడుచుకుంది.

“ఏం వదినా, ఇవాళ ఎగరలేదేం?” అంది ఆ పెరట్లోనే ఉండే బాతు.

“ఆ గద్దను చూశాక నాదీ ఒక ఎగరడమేనా?”

“సరేగానీ, సున్నం గోడ మీద ఆ బురద కాళ్ళెవరివి? రోజురోజుకీ పైకి పాకుతున్నాయి.”

చుక్కమ్మ తొంగి చూసింది. అన్నిటికన్నా పై గుర్తు గోడ అంచుకు జానెడు కిందే ఉంది. ఒళ్ళు మండిపోయింది.

“నా పెరట్లో నన్ను మించి ఎగిరే ఆ టెక్కులాడి ఎవతే?”

బాతు పకపకా నవ్వింది. “ఈ పెరట్లో నువ్వు తప్ప ఇంకో కోడి ఎక్కడుంది వదినా!”

అంతలో కుక్క రానే వచ్చింది. చుక్కమ్మ పరుగెత్తి, రెక్కలు టపటపలాడించి, ఒక్క ఊపున గోడ మీద వాలింది. వీధంతా వినబడేలా పుంజులా కూసింది. కింద కుక్క నోరు తెరిచి నిలబడిపోయింది.

“గద్ద ఇంకా పైనే ఉంది వదినా,” అంది బాతు.

“ఉండనీవే! దాని బురద కాళ్ళు పడ్డ గోడ ఒక్కటి చూపించు!”